పై అరలు

“ఆయనకి మాత్రం చెప్పకక్కా. చెప్పావంటే ఇల్లు పీకి పందిరేస్తారు.” పొద్దున్న భార్య ఫోనులో వాళ్ళక్కతో అన్న ఈ రెండు ముక్కలూ చెవిన పడి గంటన్నర దాటింది, అయినా అవి ఆయన చెవిలోనే కాపురం పెట్టాయి, ఖాళీ చెయ్యమంటే చెయ్యవు. ఏం చెప్పకూడదు? ఏ ఆయనకి? ఆయనంటే తనే అని ఎక్కడుంది, పక్కింటి పెద్దమనిషి కావచ్చు, బట్టల షాపాయన కావచ్చు అని కాసేపు తనని తాను బుజ్జగించుకుని చూశాడు గానీ, ఇల్లు పీకి పందిరి వేసే మనిషి ఈ వీధి మొత్తానికి ఒక్కడే ఉన్నాడని ఆయనకి తెలుసు. ఆ తర్వాత వదిన రావడం, అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ గుమ్మంలోనే గుసగుసలాడుకోవడం, “బట్టల షాపుకెళ్ళొస్తాం, గంటలో వచ్చేస్తాను, కాఫీ ఫ్లాస్కులో ఉంది” అని భార్య ఆయన వైపు చూడకుండా చెప్పడం, గేటు పడటం, అన్నీ నిమిషంలో అయిపోయాయి. బట్టల షాపుకెళ్ళే మనిషికి సంచిలో ఫైలెందుకు? నీలం రంగు ఫైలు మూల ఒకటి సంచిలోంచి పొడుచుకొచ్చి కనబడింది, ఆయన చూస్తున్నాడని చూసి ఆవిడ దాన్ని లోపలికి తోసేసింది. పదిన్నరైంది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, కిటికీ దాకా వెళ్ళాడు, ఎవరూ లేని వీధిని కాసేపు చూశాడు, కాలుగాలిన పిల్లిలా హాలంతా రెండు చుట్లు తిరిగి చివరికి వంటింటి గుమ్మంలో ఆగాడు.

ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసిన చెవి అది. మోటారు గది తలుపు తీయకముందే గోడకి చెవి ఆనించి, ఏ తాడు సాగిందో, ఏ చక్రం ఎండిపోయిందో చెప్పేసేవాడు. అందుకే కంపెనీలో చిన్నా పెద్దా అంతా ఆయన్ని స్టెతస్కోపు అనేవారు. ఆ పేరు ఎగతాళికే పుట్టినా పోనుపోను మర్యాదకి పనికొచ్చింది, కొత్త మేనేజరు ఒకాయనైతే అదే అసలు పేరనుకుని ఉత్తరంలో కూడా రాశాడు. ఉద్యోగం చాలించి నాలుగు నెలలైంది. ఇప్పుడు వినడానికి ఫ్రిజ్జు ఉంది, నీళ్ళ మోటారు ఉంది, భార్య ఉంది. ఫ్రిజ్జు గురగుర గురించీ మోటారు దగ్గు గురించీ రోజుకో నివేదిక ఇస్తూనే ఉన్నాడు. భార్య చప్పుడు చెయ్యదు కాబట్టి ఆవిడ గురించి నివేదిక ఏమీ లేదు. మరి ఏం దాస్తోంది? వదిన సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ మహాతల్లి నోట్లో నువ్వుగింజ నానదు, ఎవరింట్లో పాలు విరిగినా సాయంత్రానికి అందరికీ తెలిసేది ఆవిడ పుణ్యానే, అలాంటి మనిషి కూడా ఇవాళ పెదవులు బిగించుకుని, “బావున్నారా మరిదిగారూ” అని ఒక్క ముక్కతో సరిపెట్టిందంటే సంగతి చిన్నది కాదు.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది, ఈ గంటసేపూ చేతులకి పని ఉండాలి. వంటింటి అల్మారాలున్నాయి కదా. ఏటా ఒకసారి ఇద్దరూ కలిసి శుభ్రం చేసే అల్మారాలు ఈ ఏడు ఇంకా చెయ్యలేదు. అవి పెట్టించిన రోజే ఆవిడ సరిహద్దు గీసేసింది, “తలుపులు మీవి, అరలు నావి. నా అరల్లో మీరు వేలు పెట్టకూడదు, మీ తలుపుల జోలికి నేను రాను” అని. తలుపులంటే బందులు బిగించడం, స్క్రూ కన్నం వదులైతే అందులో జిగురు పూసిన అగ్గిపుల్ల దూర్చి మళ్ళీ బిగించడం, ఎండిన చోట బొట్టు నూనె వెయ్యడం, బయట పేరుకున్న జిడ్డు వదలగొట్టడం, ఇదంతా ఆయన వాటా. అరలంటే డబ్బాలు దించడం, కింద పరిచిన కాగితాలు మార్చడం, మళ్ళీ ఆవిడ ఒక్కదానికే తెలిసిన వరసలో అన్నీ సర్దడం. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ఎవరి హద్దూ దాటలేదు, ఆయనకి మంచినీళ్ళు కావాలన్నా బల్లమీదున్న గ్లాసే గానీ అల్మారాలో గ్లాసు తెలియదు. ఈసారి రెండుసార్లు గుర్తుచేస్తే ఆవిడ “చూద్దాం లెండి, వచ్చే నెల” అంది, వచ్చే నెల వచ్చి వెళ్ళిపోయింది కూడా. ఇవాళ ఆవిడ వాటా కూడా తనే చేసేస్తే? వచ్చి చూసి నోరు వెళ్ళబెడుతుంది, మనసు కరుగుతుంది, ఆ చెప్పకూడనిదేదో తనంతట తనే చెప్పేస్తుంది. దీన్ని లంచం అనుకుంటే అనుకోనీ.

గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, అందులో అంట్లు తోమే సబ్బు రెండు చుక్కలు, మొండి మరకలకి వంటసోడా ముద్ద, మూలల్లోకి పాత టూత్‌బ్రష్షు, ఒక తడిగుడ్డ, రెండు పొడిగుడ్డలు. తడిగుడ్డని బాగా పిండాలి, ప్లైవుడ్డు అంచుల్లోకి నీళ్ళు దిగాయంటే ఉబ్బుతుంది, సింకు కింద తలుపు అలాగే చెడింది, ఇప్పటికీ అది మూయాలంటే మోకాలితో ఒక పోటు పొడవాలి. ఏ శుభ్రానికైనా ఒకటే పద్ధతి, పైనుంచి కిందికి, లోపల్నుంచి బయటికి. స్టూలెక్కి స్టవ్వుకి కుడిపక్కనున్న పై అల్మారా పట్టుకున్నాడు. పిడి వేళ్ళకి అంటుకుంది, తలుపు కిర్రుమంది, బందు ఎండిపోయింది అనుకున్నాడు, ఎంతైనా స్టెతస్కోపు కదా ముందు చెవే పనిచేస్తుంది. ఆ తర్వాత లోపలికి చూశాడు. ఖాళీ. మూడు అరలూ ఖాళీ. పరిచిన కాగితం మీద డబ్బాలు ఉండి వెళ్ళిన గుండ్రటి జాడలు, ఆ జాడల మీద కూడా సన్నటి దుమ్ము. పక్క తలుపు తీశాడు, అదీ ఖాళీయే. దాని పక్కదాంట్లో పెళ్ళికి ఎవరో ఇచ్చిన గాజు గ్లాసుల పెట్టె ఒకటి, కట్టిన దారం కూడా విప్పని పెట్టె, అది తప్ప ఇంకేం లేదు.

సర్దేసుకుంటోంది. ఒక్కసారిగా పెట్టె సర్దితే తెలిసిపోతుందని రోజుకో డబ్బా చొప్పున తీసి, వదిన వచ్చినప్పుడల్లా సంచిలో వేసి పంపించేస్తోంది. వదిన ఒంటరి మనిషి, మొదట్నుంచీ ఒంటరి మనిషే, “నాకు తోడుగా వచ్చి ఉండవే” అని ఎన్నిసార్లు అనలేదు, తన ముందే అంది, తను నవ్వాడు కూడా. ఆ ఫైల్లో ఏముంటాయి, కాగితాలుంటాయి, ఏ కాగితాలు? ఈ నాలుగు నెలల్లో తను చేసినవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. స్టవ్వు మంట ఎక్కువైందన్నాడు, కత్తి పట్టుకునే తీరు తప్పన్నాడు, ఫ్రిజ్జు తలుపు ఎంతసేపు తెరిచి ఉంచిందో గడియారం చూసి మరీ చెప్పాడు, ఒకరోజు ఆవిడ గరిటె కింద పెట్టి, “మీకింకో ఉద్యోగం ఏదైనా దొరకదాండీ?” అని నవ్వుతూ అడిగింది. నవ్వింది కాబట్టి నవ్వులాటే అనుకున్నాడు. నవ్వుతూ అన్నవన్నీ నవ్వులాటకే అంటారని ఎవడు చెప్పాడు తనకి? ఇంటెడు సామాను ఒక్కొక్కటీ గడప దాటిపోతుంటే తను హాల్లో కూర్చుని పేపరు చదువుకున్నాడా? స్టూలు దిగాడు. కూతురికి ఫోను చేద్దామని తీశాడు, చేసి ఏమని అడుగుతాడు, మీ అమ్మ నన్ను వదిలేస్తోందా అనా? అది ఈ వేళప్పుడు పనిలో ఉంటుంది, ఎత్తదు, ఎత్తినా ముందు “ఏమైంది నాన్నా, ఎవరి మీద అరిచావు?” అనే అడుగుతుంది. ఫోను బల్లమీద పడేశాడు.

ఏం చెయ్యడానికీ తోచక కింది అల్మారా తలుపు లాగాడు, లాగీ లాగగానే చక్కెర డబ్బా దొర్లుకుంటూ వచ్చి కాలి బొటనవేలి మీద పడింది. లోపల ఇసకేస్తే రాలనంతగా డబ్బాలు. పెనాల మధ్య కాఫీ పొడి, కుక్కరు కడుపులో ఉప్పు పొట్లాలు, ప్లేట్ల వెనక పప్పు సీసాలు, పక్క అల్మారాలో గిన్నెల మీద గిన్నెలు, ఆ పై గిన్నెలో మిరియాల డబ్బా, సింకు కిందికి వంగి చూస్తే నీళ్ళ పైపు పక్కన, బట్టల సబ్బుల సరసన, బియ్యప్పిండి! బొటనవేలు పట్టుకుని ఆయన నేలమీద చతికిలబడ్డాడు, పట్టరాని నవ్వొచ్చింది, ఒక్కడే కూర్చుని కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఎక్కడికీ పోలేదు, ఏదీ పోలేదు. ఇల్లు వదిలిపోదలచుకున్న మనిషి పిండి డబ్బా తీసుకెళ్ళి సింకు కింద దాస్తుందా? నవ్వు అయిపోగానే, అలవాటు చొప్పున, కోపం వచ్చింది. ఇదేం సర్దడం, తలా తోకా లేకుండా! పైన మూడు అల్మారాలు గాలికి వదిలేసి తిండి సామానంతా కింద తడిలోనా? నా అరలూ నా అరలూ అని ముప్ఫై ఏళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరింది దీనికేనా? సరే, ఇవాళ చూపిస్తాను అరలు సర్దడమంటే ఏమిటో అనుకుని నడుం బిగించాడు. పై అరలు తుడిచాడు, ఆరనిచ్చాడు, కొత్త కాగితం కొలిచి కత్తిరించి పరిచాడు, ఒక్కొక్క డబ్బాకీ జిడ్డు వదలగొట్టి పొడిగుడ్డతో తుడిచి పైకెక్కించాడు, బరువైనవి వెనక్కి, సీసాలు ముందుకి, చిల్లరమల్లర పై అరలోకి, లేబుళ్ళన్నీ ఎదురుగా కనబడేటట్టు. స్టూలెక్కడం, దిగడం, ఎక్కడం. అరగంటలో పైనంతా నిండింది, కిందంతా ఖాళీ అయింది. దూరంగా నిలబడి చూసుకుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పదకొండున్నర దాటింది, గంటలో వస్తానన్న మనిషికి గంటైపోయి ఐదు నిమిషాలైంది.

ఇక మిగిలింది తన వాటా, తలుపులు. కింది తలుపుల ముందు గొంతుక్కూర్చుని సోడా ముద్ద పూయబోతూ ఆగాడు. జిడ్డు మీద అరచేతి జాడ ఉంది. తలుపుని తోసి మూసేటప్పుడు పడ్డ జాడ, ఒకదాని మీద ఒకటి, ఎన్నో నెలలవి, అయినా అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. బొటనవేలు కుడిపక్కన ఉంది. అదేమిటి అనుకుని తన కుడి అరచెయ్యి దానిమీద ఆనించి చూశాడు, పొసగలేదు. ఎడమచెయ్యి ఆనించాడు, సరిగ్గా కూర్చుంది. రెండో తలుపు చూశాడు, అక్కడా ఎడమచెయ్యే. మూడోది, నాలుగోది, చెడిపోయిన సింకు కింద తలుపు, అన్నిటి మీదా ఎడమచెయ్యే. ఆవిడ కుడిచేతివాటం మనిషి, రాసినా వడ్డించినా కొట్టినా కుడిచేత్తోనే. లేచి పై తలుపుల దగ్గరికి వెళ్ళాడు. ఇందాక తన వేళ్ళకి అంటుకున్న పిడుల మీద తన వేళ్ళ జాడలు తప్ప ఇంకెవరి జాడా లేదు, జిడ్డు పొర చెక్కుచెదరకుండా ఉంది. ఆ తలుపుల్ని నెలల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. బందులు ఊరికే ఎండిపోతాయా మరి? కిర్రుమని చెప్పనే చెప్పింది తలుపు, విన్నాడు, నూనె వెయ్యాలి అనుకున్నాడు, అంతటితో ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒక్కుమ్మడిగా మీద పడ్డాయి. బాల్కనీలో బట్టలారేసే తాడు కాస్త కిందికి కట్టమంది ఆవిడ, చలికాలంలోనే, “ఏం పొట్టిదానివైపోతున్నావా?” అని హాస్యమాడి, జానెడు కిందికి దించి, తన ముడి ఎంత గట్టిదో లాగి చూపించి మరీ కట్టాడు. తర్వాత ఇంకో జానెడు దించమంది, అదీ దించాడు. నడుము దాటే జుట్టు ఉన్నట్టుండి మెడదాకా కత్తిరించేసుకుని వచ్చింది, “ఉక్కపోతకి తాళలేకపోతున్నానండీ” అంది, బాగుందో బాగాలేదో కూడా చెప్పకుండా “నీ ఇష్టం” అన్నాడు, ఆ జడ ఎత్తి కట్టలేకపోయిందన్న ఊహే రాలేదు. బస్సులో పైకడ్డీ పట్టుకోకుండా సీటు అంచుని అంటిపెట్టుకుని నిలబడింది, డ్రైవరు బ్రేకు వేస్తే తన మీద పడింది, “కడ్డీ పట్టుకోలేవా?” అని అందరి ముందూ కసిరాడు. కడ్డీ పట్టుకోలేదు! అక్షరాలా పట్టుకోలేదు. పడుకున్నప్పుడు ఎప్పుడూ కుడిపక్కకి తిరిగే మనిషి ఎడమకి తిరిగి పడుకుంటోంది, వీపు తన వైపు పెట్టి, తన మీద అలక అనుకుని తనూ అటు తిరిగాడు. ఫైలు డాక్టరు ఫైలు. బట్టల షాపూ లేదు ఏమీ లేదు. నాలుగు నెలలు ఇంట్లోనే ఉండి, మంట ఎక్కువైందనీ కత్తి తప్పుగా పట్టుకుందనీ అన్నాడే, కత్తి ఎందుకలా పట్టుకుందో అడగలేదు. ఊళ్ళో లిఫ్టులన్నిటి నాడీ తెలిసిన స్టెతస్కోపు, దీపం కిందే చీకటి. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ఎందుకు చెప్పలేదు? కట్టుకున్నవాడికి చెప్పకుండా అక్కకి చెప్పడమేమిటి? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం కాకపోతే! కోపం అరికాల్లోంచి బయల్దేరి గొంతులోకి వచ్చేసింది, ఎదురుగా ఆవిడ లేదు కాబట్టి ఆగింది గానీ ఉంటేనా. ఉంటే ఏం చేసేవాడో ఆయనకి బాగా తెలుసు. ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ముందు ఆయనకి కోపం వస్తుంది, భయం ఆ తర్వాత ఎప్పుడో, ఎవరూ చూడనప్పుడు వస్తుంది. కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు బడి మెట్ల మీద పడి ముందుపన్ను విరగ్గొట్టుకుని వచ్చింది, చూడగానే ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు, ఎక్కడ చూస్తున్నావని పిల్లని, పిల్లని ఏం చూస్తున్నావని తల్లిని. పిల్ల నోరు గట్టిగా మూసుకుని నిలబడింది. నోట్లో ఊరుతున్న రక్తం నాన్నకి కనిపించకూడదని గుటకలేస్తూ మింగేసింది, ఆ సంగతి దాని తల్లి చాలా ఏళ్ళకి చెప్పింది. “మీ నాన్న అరిచే కుక్కమ్మా, కరవదు” అని నవ్వించేదట పిల్లని. ఆయన తల్లీ అంతే, కడుపునొప్పి ఏడాదిపాటు కొంగుచాటున దాచుకుంది, చివరికి ఆస్పత్రి మంచం పక్కన నిలబడి “ముందే ఎందుకు చెప్పలేదమ్మా?” అని తను అరిస్తే, ఆ తల్లి మంచం మీంచే, తలుపు దగ్గర నిలబడి అంతకంటే గట్టిగా డాక్టరు మీద అరుస్తున్న తండ్రి వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. ఆ చూపుకి అర్థం అప్పుడు తెలియలేదు, ఇప్పుడు ఈ వంటింట్లో, చేతికి సోడా ముద్దతో, తెలిసింది.

పోనీ మెత్తగా మాట్లాడటం చేతకాని మనిషా అంటే అదీ కాదు. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి లోపల మనుషులు చిక్కుకున్నప్పుడు ఆయన ముందు పనిముట్లు తీసేవాడు కాదు, తలుపు సందు దగ్గర నోరు పెట్టి, “వచ్చేశానమ్మా, ఇక్కడే ఉన్నాను, మీ పేరేమిటి, ఊపిరాడుతోందా, ఏం ఫరవాలేదు, మాట్లాడుతూ ఉండండి” అనేవాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు బయటికొచ్చి చేతులు పట్టుకుని ఏడ్చేవారు, మీ గొంతు వింటే ధైర్యమొచ్చిందనేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఆయన రచ్చలో గెలిచిన గెలుపంతా ఇంటి గుమ్మంలో చెప్పులతోపాటు విడిచేసి వచ్చేవాడు. ఆ గొంతు ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇంకాసేపట్లో ఆవిడ వస్తుంది. డాక్టరు ఏం చెప్పాడో, చిన్నదో పెద్దదో, ఆవిడకి తెలుసు, వదినకి తెలుసు, తనకి తెలియదు. ఆవిడ చెబితే తెలుస్తుంది. చెప్పకపోతే ఇంకో ఆరు నెలలు తాడు జానెడు జానెడు దించుతూ ఉంటాడు. అమ్మ కూడా చెప్పకుండానే పోయింది. తను చెప్పదగ్గ మనిషేనా కాదా, ఈ ఒక్కటే ఇప్పుడు తేలాలి, ఇంకేదీ ఆయనకి అక్కర్లేదు.

తలెత్తి చూశాడు. పైన వరసగా, లేబుళ్ళు ఎదురుగా పెట్టుకుని, డబ్బాలన్నీ ఆయన్నే చూస్తున్నాయి. ఆవిడ ఎన్నాళ్ళుగానో ఒక్కొక్కటీ, ఏ ఎడమచేత్తోనో, ఏ గరిటె కొసతోనో లాగి, పడే డబ్బాని పట్టుకుని కిందికి చేర్చుకుని ఉంటుంది, దాన్నంతా తను అరగంటలో మళ్ళీ ఆవిడ చేతికి అందకుండా పైకెక్కించేశాడు, ఛాతీ కూడా పెంచుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఆదరాబాదరాగా స్టూలెక్కి రెండేసి డబ్బాలు దించడం మొదలుపెట్టాడు. దించడం దించాడు గానీ ఏది ఎక్కడుండేది? ఉప్పు కుక్కరులో, అది గుర్తుంది, కాఫీ పొడి పెనాల మధ్య, చక్కెర ఎక్కడ, మొదటి అల్మారానా రెండోదా, పప్పు సీసాలు ప్లేట్ల వెనక చూశాడు కదా, ఎన్ని సీసాలు? తలాతోకా లేదనుకున్నదానికి తలా ఉంది తోకా ఉంది, ఎక్కువ వాడేవి ఎడమచేతికి దగ్గరగా, అప్పుడప్పుడు వాడేవి లోపలికి, ఆ వరస ఆవిడ భుజం నొప్పి ఒక్కదానికే తెలుసు. దించుతూనే నోట్లో మాటలు పేర్చుకుంటున్నాడు. “వచ్చావా, కూర్చో” అనాలి. కాదు, “డాక్టరేమన్నాడు?” అనాలి, అలా అంటే నిఘా పెట్టాననుకుంటుంది. “నీ చెయ్యెలా ఉంది?” బాగుంది, మెత్తగా అనాలి, చెయ్యెలా ఉంది, చెయ్యెలా ఉంది. పైకి అని చూశాడు, పోలీసు అడిగినట్టుంది. గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు. చెమట కళ్ళల్లోకి కారుతోంది, నేలంతా డబ్బాలు, అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేదు, గేటు చప్పుడైంది.

ఒక్క జత చెప్పుల చప్పుడే. వదిన గేటు దగ్గర్నుంచే వెళ్ళిపోయింది. భార్య హాల్లోంచి “ఏమండీ” అని పిలుస్తూ వంటింటి గుమ్మందాకా వచ్చి ఆగింది. తెరిచిన పై అల్మారాలు చూసింది, నేలమీద సామాను చూసింది, రెండు చేతుల్లో రెండు డబ్బాలతో స్టూలు మీద నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

“ఇదేంటండీ? నా అరలు...”

చెయ్యెలా ఉంది అనడానికే ఆయన నోరు తెరిచాడు.

“ఎందుకు చెప్పలేదు!” అని అరిచాడు. వంటింట్లో గిన్నెలు మోగాయి. “చెయ్యి లేవకపోతుంటే, నెలల తరబడి, నా కళ్ళముందు, నాకు, ఎందుకు చెప్పలేదే!” ఆ గొంతు ఆయనది కూడా కాదు, ఆస్పత్రి తలుపు దగ్గర నిలబడ్డ తండ్రిది. పక్కింటివాళ్ళ కిటికీ ఎవరో మూశారు.

ఆవిడ ఉలిక్కిపడలేదు. సంచి ఎడమ భుజం మీంచి జారవిడిచి బల్లమీద పెట్టింది.

“ఇందుకే,” అంది.

మామూలుగా అయితే ఇలాంటప్పుడు చెప్పులు వేసుకుని వీధిలోకి పోతాడు, చీకటి పడ్డాక ఏమీ జరగనట్టు వచ్చి అన్నం పెట్టమంటాడు. కాళ్ళు అటే లాగాయి. ఈసారి మాత్రం డబ్బాలు అరలో పెట్టి, స్టూలు దిగి, సామాను మధ్యనుంచి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“అరిచేశాను,” అన్నాడు. “అయిపోయింది. ఇప్పుడు చెప్పు.”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, అరుపు ఇంకా ఏమైనా మిగిలుందా అని వెతికినట్టు. తర్వాత కుడిచెయ్యి మెల్లగా ఎత్తడం మొదలుపెట్టింది. నడుము దాటింది, ఛాతీ దాకా వచ్చింది, భుజానికి జానెడు కిందే ఆగిపోయింది. పెదవి పంటికింద నొక్కి పట్టుకుంది గానీ చెయ్యి దించలేదు, ఆయన చూసేదాకా అలాగే ఉంచింది. ఆయన చూశాడు. మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు, ఎత్తలేదు, ఊరికే పెట్టి ఉంచాడు.

“ఇంతే లేస్తుంది. అయిదు నెలలైంది. భుజానికి ఫొటోలు తీశారు, ఏంటన్నది ఇంకా చెప్పలేదు. రేప్పొద్దున మళ్ళీ రమ్మన్నారు.”

“నేనొస్తాను.”

“అక్కడ డాక్టరు మీద అరవకూడదు.”

“అరవను.”

“అరుస్తారు లెండి,” అంది ఆవిడ. “అయినా రండి.”